తూచే ముందు అడిగే కొట్టు

గుంటూరు పట్నం బజారులో కషాయం దినుసులు అమ్మే ఒక చిన్న కొట్టు గురించి రాయాలని రెండేళ్ళుగా అనుకుంటున్నాను. సీజను ముగిసి మా మిరప యార్డుకు వేసవి సెలవులు వచ్చాయి కాబట్టి ఇప్పటికి తీరిక దొరికింది.

నేను గుంటూరు మిరప యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తాను. 26 ఏళ్ళుగా అదే బల్ల, అదే పద్దు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డు ఎలా ఉంటుందో చూడనివాళ్ళకు చెప్పడం కష్టం. లక్షకు పైగా టిక్కీలు, అంటే మిరప బస్తాలు, దిగే రోజులుంటాయి. ఒక్కో టిక్కీ 40 కిలోల పైమాటే. హమాలీ దాన్ని భుజం మీంచి దించినప్పుడల్లా ఎర్రటి సన్నని దుమ్ము లేస్తుంది. తేజ రకం కాయల దగ్గరైతే ఆ దుమ్ము కంటికి కనిపించకముందే గొంతుకు తెలుస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు తుమ్ముతూ ఉంటారు. పాతవాళ్ళకు తుమ్ములు రావు. చీకటి పడ్డాక గొంతు గరగరలాడుతుంది, పడుకుంటే పొడి దగ్గు మొదలవుతుంది. నాది ఆ రెండో బాధ. మార్చి నెలలో రాత్రి పదకొండు గంటలకు మా ఇంట్లో అందరూ లేచి కూర్చున్న రోజులు చాలా ఉన్నాయి.

చెవి ముక్కు గొంతు డాక్టరు చూశారు. గొంతులో వేరే జబ్బు ఏదీ లేదని, దుమ్ము వల్లే ఒరుసుకుపోతోందని చెప్పారు. ముక్కుకు గుడ్డ కాదు, మాస్కు కట్టుకోమన్నారు. నీళ్ళు బాగా తాగమన్నారు, గోరువెచ్చగా ఏదైనా తాగితే హాయిగా ఉంటుందన్నారు. ఆ చివరి మాట పట్టుకుని నేను చేసిన తప్పులు, ఆ తరువాత దొరికిన దారి ఇక్కడ చెబుతాను.

కరోనా వచ్చిన 2020లో అందరిలాగే మేమూ కషాయం మొదలుపెట్టాం. ఆయుష్ మంత్రిత్వ శాఖ అప్పట్లో ఒక పాళ్ళ లెక్క ఇచ్చింది. తులసి ఆకులు నాలుగు పాళ్ళు, దాల్చినచెక్క రెండు, శొంఠి రెండు, మిరియాలు ఒకటి. కొన్నాళ్ళు ఇంట్లోనే చేశాం. ఆ తరువాత బద్ధకించి దుకాణంలో దొరికే పొడి పొట్లం తెచ్చుకోవడం అలవాటైంది. 100 గ్రాములు 180 రూపాయలు. వేడినీళ్ళలో ఒక చెంచా కలిపితే చాలు. అందులో మిరియాలు దండిగా ఉండేవి. తాగిన కాసేపు ముక్కు తెరుచుకుని తేలికగా అనిపించేది. అర్ధరాత్రికి మాత్రం గొంతు ఇంకా మండేది. మంట మిరపదుమ్ముది అనుకుని మర్నాడు చెంచాన్నర వేసుకునేవాడిని.

నా సంగతి సరే. మా అమ్మ విషయంలో జరిగింది నేను మరిచిపోలేను. అమ్మకు 74 ఏళ్ళు, బీపీకి మాత్ర వేసుకుంటుంది. చలికాలంలో కఫం పడుతుందని ఆ పొడినే ఆమెకూ రోజుకు రెండు పూటలా ఇచ్చాం. నెలన్నర గడిచేసరికి చీలమండలు వాచాయి, ఎప్పుడూ అదుపులో ఉండే బీపీ ఎక్కి కూర్చుంది. డాక్టరు గారు మాత్రల చీటీ చూసి, కొత్తగా ఏం వాడుతున్నారని అడిగారు. ఏమీ లేదన్నాను. నా భార్య పక్క నుంచి కషాయం సంగతి చెప్పింది. పొట్లం తెమ్మన్నారు. వెనక ఆవగింజంత అక్షరాల్లో ఉన్న దినుసుల వరుసలో ఒక మాట మీద వేలు పెట్టారు. అతిమధురం. అది రోజూ ఒంట్లోకి వెళితే ఉప్పును, నీటిని పట్టి ఉంచుతుందట, పొటాషియం తగ్గిస్తుందట, బీపీ పెంచుతుందట. మానేసిన మూడో వారానికి వాపు పోయింది. ఆ పొట్లం ఎవరిదో ఇక్కడ రాయను. దినుసుల పేర్లు వాళ్ళు దాచలేదు, చదవకపోవడం నా తప్పు. కానీ పొట్లానికి ఎదుటివారి వయసు తెలియదు, బీపీ తెలియదు. అందరికీ ఒకటే చెంచా.

లాలాపేటలో ఉండే మా వదిన గారు అమ్మను చూడటానికి వచ్చినప్పుడు ఈ కొట్టు గురించి చెప్పారు. జిన్నా టవర్ దగ్గర బండి పెట్టుకుని నడిచి వెళ్ళాలి. పట్నం బజారు సందుల్లో బండి మీద వెళితే ముందుకూ పోలేం, వెనక్కూ రాలేం. కొట్టుకు బోర్డు లేదు. గుమ్మానికి వేలాడే సుగంధిపాల వేర్ల కట్టలే గుర్తు. లోపల ఇద్దరు మనుషులు నిలబడేంత చోటు. గోడ నిండా రేకు డబ్బాలు, వాటిలో కొన్నిటికి పాత బిస్కెట్ల బొమ్మలు. బల్ల మీద చేతి త్రాసు, పక్కనే చిన్న ఎలక్ట్రానిక్ కాటా. నాకు తూకంలో దొంగతనం కంటితో పట్టే అలవాటుంది, వృత్తి అటువంటిది. ఈ రెండేళ్ళలో ఆ కొట్టు నడిపే పెద్దాయన తూకం ఒక్కసారి కూడా ఇసుమంతైనా తగ్గలేదు.

మొదటిరోజు, కషాయం పొడికి దినుసులు కావాలని అడిగాను. డబ్బా మూత తీస్తారనుకున్నాను. ఆయన చేతులు బల్ల మీదే ఉన్నాయి.

"ఎవరికి నాయనా?" అన్నారు.

"నాకూ మా అమ్మకూ బాబాయి గారూ."

"ఇద్దరికీ ఒకటేనా? ఆమె వయసెంత? బీపీ, షుగరు ఉన్నాయా? నువ్వు ఎక్కడ పని చేస్తావు?"

యార్డులో అన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి మిరియాల డబ్బాను చేత్తో అవతలికి జరిపారు. "పగలంతా కారం పీల్చి, రాత్రికి కారమే తాగుతున్నావా?" అన్నారు. నాలుగేళ్ళు నేను చేసుకున్నది ఆ ఒక్క ప్రశ్నతో అర్థమైంది.

దీనికి వెనక ఉన్న సంగతి నాకు కొంత తెలుసు, ఎందుకంటే అది మా సరుకు గురించిన వార్త. 2021లో వైద్యశాస్త్రానికి నోబెల్ బహుమతి పొందిన ఇద్దరిలో ఒకరు డేవిడ్ జూలియస్. మిరపకాయలోని క్యాప్సైసిన్ మనకు మంటగా ఎందుకు తెలుస్తుందో వెతుకుతూ, నరాల మీద వేడిని గుర్తుపట్టే ఒక గ్రాహకాన్ని ఆయన కనుగొన్నారు. నిజమైన నిప్పు తగిలినా, మిరప ఘాటు తగిలినా అది ఒకే కేక వేస్తుంది. మిరియాల్లోని పైపరిన్, శొంఠిలోని ఘాటు కూడా అదే తలుపు తడతాయి, మిరపకాయ కంటే మెత్తగా. మిరప మన దేశానికి పోర్చుగీసువారి ఓడల మీద వచ్చింది. అంతకుముందు మన వంటింట్లో కారం అంటే మిరియమే. మిరప అనే పేరులోనే మిరియం వినిపిస్తుంది. అన్న, తమ్ముడు లాంటి ఆ రెండింటినీ ఒకే గొంతులో ఒకేరోజు కూర్చోబెడుతూ వచ్చాను నేను. ఈ శాస్త్రం పెద్దాయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన నా కొలువు అడిగారు, అంతే.

నాకు కట్టి ఇచ్చిన పాళ్ళు ఇవి: ధనియాలు 60 గ్రాములు, శొంఠి 30, జీలకర్ర 20, దాల్చినచెక్క 5, యాలకులు 5, మిరియాలు 5. మొత్తం 125. మిరియాలు అసలు వద్దన్నారు. పూర్తిగా మానేస్తే కషాయం తాగినట్టు ఉండదని నేను బతిమాలితే ఆ 5 గ్రాములు వేశారు. ధనియాలు అంత ఎక్కువ చూసి ఇది చారు పొడి అవుతుందేమో అనిపించింది. కాచాక తెలిసింది, ధనియాలే ఆ కషాయానికి ఒళ్ళు. కొంచెం నారింజ తొక్క వాసన, కొంచెం తీపి, గొంతులో నూనె రాసినట్టు ఒక మెత్తదనం.

అమ్మకు వేరే పొట్లం. శొంఠి 40, జీలకర్ర 20, ధనియాలు 20, మిరియాలు 15, పిప్పళ్ళు 10. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు కలిస్తే త్రికటుకం. కఫానికి వైద్యులు ఏనాటి నుంచో వాడేది అదే. అతిమధురం వేయవద్దని నేను చెప్పబోయే లోపే "బీపీ అన్నావుగా, అతిమధురం వేయను" అన్నారు. ఆ మాట వినగానే నాకు గొంతు పట్టేసింది. మా అమ్మను ఒక్కసారి కూడా చూడని మనిషి, రెండు ప్రశ్నలతో ఆమెను కాపాడాడు.

ఇక సరుకు గురించి. ఆయన అమ్మే శొంఠి తెల్లగా ఉండదు. మట్టి రంగులో, ముడతలు పడి, చూడటానికి ఏమీ బాగుండదు. నేను ముఖం చిట్లించడం చూసి, పక్క డబ్బా లోంచి తెల్లటి కొమ్ము ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. వేళ్ళకు సుద్దలాంటి పొడి అంటింది. బల్ల సొరుగులో ఉన్న నిమ్మచెక్క తీసి దాని మీద ఒక్క చుక్క పిండారు. సన్నగా బుస్సుమని నురగ వచ్చింది. పురుగు పట్టకుండా, తెల్లగా కనిపించేలా శొంఠికి సున్నం పట్టించి ఆరబెడతారు, ఆ సున్నం పులుపు తగిలి పొంగుతుంది. మట్టిరంగు కొమ్ము మీద అదే నిమ్మరసం నీళ్ళలా జారిపోయింది. విరిస్తే ఠక్కుమంది, లోపల సన్నని నార, ముక్కు దగ్గర పెట్టుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగేంత వాసన. పచ్చి అల్లం కంటే శొంఠి ఘాటుగా ఉండటానికి కారణం ఎండటమే. ఎండేటప్పుడు అల్లంలోని ఘాటు పదార్థం కొంత మరింత చురుకైనదిగా మారుతుంది. అందుకే అల్లం బదులు అంతే శొంఠి వేస్తే దెబ్బతింటాం. సగం కూడా ఎక్కువే.

మిరియాల్లో బొప్పాయి గింజలు కలుస్తాయని నాకు ముందే తెలుసు. ఇంటికి తెచ్చి గ్లాసు నీళ్ళలో గుప్పెడు వేసి చూశాను. అన్నీ మునిగాయి. రెండు మాత్రం తేలాయి, నొక్కి చూస్తే అవి తాలు మిరియాలు, బొప్పాయి గింజలు కావు. దాల్చినచెక్కకు మాత్రం ఆయన దగ్గర రెండు డబ్బాలున్నాయి, ధర రెండింతలు తేడా. చవకది మందంగా ఒకే పొరగా ముడుచుకున్న బెరడు. దాన్ని బిర్యానీకి వాడుకోమంటారు. ఖరీదైనది పలుచని పొరలు చుట్టచుట్టుకుని, వేళ్ళతో నలిపితే పొడి అయ్యేది. రోజూ తాగేదానికి ఇదే తీసుకోవాలని పట్టుబడతారు. మందం రకంలో కూమరిన్ అనే పదార్థం ఎక్కువ, ఎక్కువ రోజులు తీసుకుంటే కాలేయానికి మంచిది కాదు. లాభం కోసం ఖరీదైనది అంటగడుతున్నారని మొదట నేనూ అనుమానించాను. కానీ 5 గ్రాములే కొన్నాను, 5 రూపాయలే తీసుకున్నారు. అందులో ఏం లాభం?

ఈ కొట్టులో మీకు కోపం తెప్పించే నియమం ఒకటుంది. ఆయన పొడి కొట్టి ఇవ్వరు. పక్క సందులో మర ఉంది, అక్కడ ఆడించుకుంటామన్నా ఒప్పుకోరు. "మర వేడికి వాసన అక్కడే పోతుంది, నీ ఇంటికి బూడిద వస్తుంది" అంటారు. సగం దినుసులు ఇప్పుడు, మిగతా సగం పన్నెండు రోజుల తరువాత దంచుకోవాలి. దంచడం కూడా కచ్చాపచ్చాగానే. మెత్తని పొడి అయితే ఎంత వడకట్టినా గొంతులో ఇసుకలా తగులుతుంది, గరగర ఉన్నవాడికి అది ఇంకో బాధ. మా ఇంట్లో అమ్మ కాపురానికి తెచ్చుకున్న ఇత్తడి రోలు అటక మీద పదేళ్ళుగా ఉంది. దాన్ని దించి చింతపండుతో తోమాం. ఆదివారం పొద్దున నేను దంచుతాను, మా అమ్మాయి యాలకులు ఒలుస్తుంది. శొంఠి ముందు విడిగా నలగ్గొట్టాలి, లేకపోతే మిగతావి పొడి అయ్యాక కూడా అది రాయిలా ఉంటుంది. ధనియాలు, జీలకర్ర బాణలిలో సన్నని సెగ మీద వాసన వచ్చేదాకా మాత్రమే వేయించాలి. రంగు మారితే చేదు. యాలకులు, దాల్చినచెక్క వేయించకూడదు.

కాచే పద్ధతి నేను నాలుగైదు విధాల చేసి చూసి ఒకదానికి కుదురుకున్నాను. మూడు గ్లాసుల నీళ్ళలో ఒక చిన్న చెంచా పొడి వేసి, సన్నని మంట మీద రెండు గ్లాసులు అయ్యేదాకా మరగనివ్వాలి. సగం మూత పెట్టాలి. ఆ కమ్మటి వాసన అంతా ఆవిరితో పోయే నూనెల్లోనే ఉంటుంది. వంటిల్లు ఘుమఘుమలాడితే గ్లాసులో ఏమీ మిగలదు. యాలకుల పొడి మాత్రం విడిగా ఉంచుకుని, పొయ్యి ఆపాక చిటికెడు వేసి పూర్తిగా మూత పెట్టి ఐదు నిమిషాలు వదిలేస్తాను. పలుచని బట్టలో వడకట్టి తాటి బెల్లం కలుపుతాను. తేనె వేసుకునేవాళ్ళు గోరువెచ్చగా అయ్యాక వేసుకోండి. ఏడాది లోపు పిల్లలకు తేనె నాకించడం అసలు వద్దు, అది నిజమైన ప్రమాదం. పెద్దాయన కూడా తేనె అడిగినవారిని ఇంట్లో చంటిబిడ్డ ఉందా అని అడగడం నేను విన్నాను.

మొదటి గుక్కలో గొప్పగా ఏమీ తెలియదు. పొడి పొట్లం లాగా ముక్కు మీద గుద్దదు. రెండో గుక్కకు ధనియాల తీపి, దాని వెనక శొంఠి నెమ్మదిగా ఛాతీ దాకా దిగే వెచ్చదనం. గ్లాసు అయిపోయాక పది నిమిషాలకు గొంతులో తడి ఊరుతుంది. నాకు కావలసింది ఆ తడి. ఒకటి స్పష్టంగా చెప్పాలి. నా దగ్గు దీనివల్ల పోలేదు. మాస్కు కట్టుకోవడం వల్ల సగం తగ్గింది, మిగతా సగం యార్డుకు సెలవులిస్తేనే పోతుంది. కానీ రాత్రి పదకొండుకు లేచి కూర్చోవడం పోయింది. పోయిన మార్చిలో మొత్తం నెలకు నాలుగు రాత్రులే లేచాను. పద్దులో రాసుకున్నాను.

మా అమ్మాయి ఇంటర్మీడియట్ చదువుతోంది. కషాయం అంటే గ్లాసు తోసేస్తుంది. ఆమెకు పాలతో చేస్తాను. ఇందులో నేను మూడుసార్లు పాలు విరగ్గొట్టాను, మీకు ఆ నష్టం రాకుండా చెబుతాను. పచ్చి అల్లం దంచి గోరువెచ్చని పాలలో వేస్తే విరుగుతాయి. అల్లంలో పాలను గడ్డకట్టించే గుణం ఉంది. నీళ్ళలో బాగా మరిగిస్తే ఆ గుణం చచ్చిపోతుంది, అప్పుడు పాలు పోయాలి. బెల్లం కూడా పొయ్యి మీద ఉండగా వేయకూడదు, దించాక, పొంగు చల్లారాకే. పసుపు మాత్రం పొడి కొనను. దుగ్గిరాల యార్డు మాకు దగ్గరే కాబట్టి కొమ్ములు దొరకడం కష్టం కాదు. ఈ కొట్టులోనూ కొమ్ములే ఉంటాయి. కొమ్ము నలగ్గొట్టి చిటికెడు, దానికి ఒకే ఒక్క మిరియం. మిరియం తోడు లేకపోతే పసుపు ఒంటికి సరిగ్గా పట్టదు. పరీక్షల నెలంతా రాత్రి తొమ్మిదికి ఆ గ్లాసు ఖాళీ చేసి ఇచ్చింది.

పొద్దున నా ఫ్లాస్కు యార్డుకు తీసుకెళతాను. పదిన్నరకు వేలంపాటలు ఒక దశకు వచ్చాక మూత తీస్తే చుట్టూ నలుగురు చేరతారు. వాళ్ళలో ఒక హమాలీ నన్ను అన్నా అని పిలుస్తాడు. పోయిన ఏడాది జనవరిలో అతనికి దగ్గు పట్టుకుంది. సీజను ఇంకా మొదలు కాలేదు, దుమ్ము లేదు, దగ్గు మాత్రం వదలడం లేదు. నా కషాయం తాగుతూ వచ్చాడు. తనకూ ఒక పొట్లం కట్టించమంటే కొట్టుకు తీసుకెళ్ళాను.

పెద్దాయన ఎప్పటిలా అడిగారు. ఎన్నాళ్ళ నుంచి? నెల కావస్తోంది. సాయంత్రం జ్వరం వస్తోందా? అప్పుడప్పుడు. చొక్కా వదులైందా? అతను తలూపాడు.

"నీకు నేను ఏమీ ఇవ్వను నాయనా. రెండు వారాలు దాటిన దగ్గుకు దినుసులు కాదు, కళ్ళె పరీక్ష. పెద్దాసుపత్రికి వెళ్ళు. డబ్బు కట్టనక్కరలేదు."

అతను నొచ్చుకున్నాడు. తన దగ్గర డబ్బు ఉండదనుకుని ఇవ్వడం లేదేమో అని బయటికి వచ్చాక నాతో అన్నాడు. మర్నాడు నేనే సెలవు పెట్టి తీసుకెళ్ళాను. క్షయ అని తేలింది. ఆరు నెలలు మందులు మింగాడు, ఒక్కరోజు తప్పలేదు. ఇంట్లోవాళ్ళకు కూడా పరీక్షలు చేశారు, ఎవరికీ లేదు. ఈ సీజనుకు మళ్ళీ వచ్చాడు. మొదటి నెల తొడిమలు తీసే దగ్గర తేలిక పని చూపించాం, ఆ తరువాత టిక్కీలు మోశాడు. ఆరోజు 200 రూపాయల పొట్లం కట్టి ఇచ్చేస్తే ఆ కొట్టుకు ఒక బేరం, అతనికి ఇంకో రెండు నెలల ఆలస్యం. ఆ తరువాత ఆ కొట్టు ముందు నుంచి వెళ్ళేటప్పుడు అతను చెప్పులు విప్పి దణ్ణం పెడతాడు. పెద్దాయనకు అది నచ్చదు, లోపలి నుంచే వద్దని చేయి ఊపుతారు.

ధరల లెక్క నా చేతిలో పని, కాబట్టి ఖచ్చితంగా చెబుతాను. పోయిన నెల శొంఠి 100 గ్రాములు 60 రూపాయలు, ధనియాలు 20, జీలకర్ర 40, మిరియాలు 100. యాలకులు 25 గ్రాములు 90. పలుచని దాల్చినచెక్క 50 గ్రాములు 50. నా 125 గ్రాముల పొట్లం మొత్తం 66 రూపాయలు అయింది. చిన్న చెంచాకు రెండున్నర గ్రాముల చొప్పున 50 చెంచాలు, అంటే చెంచా 1 రూపాయి 32 పైసలు. పాత పొడి పొట్లం చెంచా నాలుగున్నర రూపాయలు పడేది. తాటి బెల్లం కిలో 400, రెండు గ్లాసులకు 15 గ్రాములు వేస్తే 6 రూపాయలు. దినుసుల కంటే తీపే ఖరీదు. అంతా కలిపి గ్లాసు 3 రూపాయల 66 పైసలు, గ్యాసు లెక్క వేయకుండా.

లోపాలు లేవని చెప్పను. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా కొట్టు మూసి ఉంటుంది, ఎండలో వెళ్ళి తలుపు చూసి తిరిగి వచ్చాను రెండుసార్లు. ఫోనుతో డబ్బు చెల్లించే ఏర్పాటు ఈ ఏడాదే పెట్టారు, అది ఆయన మనవడు ఉంటేనే పని చేస్తుంది. రసీదు అడిగితే పాత క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో రాసి ఇస్తారు. యాలకులు ఒకసారి పాతవి వచ్చాయి, తొక్క పసుపుబారి లోపల గింజ ఎండిపోయి ఉంది. తిరిగి తీసుకెళితే మాట్లాడకుండా మార్చారు, కానీ ముందే చూసుకుని ఉండవలసింది. తాటి బెల్లం మాత్రం అక్కడ కొనకండి. వానాకాలంలో తెచ్చినది చెమ్మగిల్లి పుల్లటి వాసన వేసింది, అడిగితే వానాకాలంలో అది అంతేనన్నారు. నేను ఒప్పుకోలేదు, అప్పటి నుంచి వేరే చోట తెచ్చుకుంటున్నాను. అన్నిటికంటే ముఖ్యం, తొందరలో ఉన్నవాళ్ళకు ఈ కొట్టు పనికిరాదు. మీ ముందు ఇద్దరుంటే అరగంట. ప్రతి మనిషినీ అవే ప్రశ్నలు అడుగుతారు, పోయిన నెల అడిగినవి కూడా మళ్ళీ అడుగుతారు. మొదట్లో విసుగు వచ్చేది. "నెలలో మనిషి మారడా?" అంటారు. మొన్న అమ్మకు బీపీ మాత్ర మార్చిన సంగతి ఆ ప్రశ్న వల్లే గుర్తొచ్చి చెప్పాను, పిప్పళ్ళు ఈ విడతకు ఆపి డాక్టరును అడిగి రమ్మన్నారు.

అడిగాను. పర్వాలేదన్నారు డాక్టరు గారు. అమ్మ పొట్లం శనివారానికి అయిపోతుంది. చలి పోయింది కాబట్టి శొంఠి తగ్గించి కాస్త వాము కలుపుతానని పెద్దాయన అన్నారు. అమ్మకు వాము వాసన పడదు, కానీ ఆయన ఇచ్చారంటే తాగుతుంది. నాలుగు దాటాక వెళతాను, రోలు ఈపాటికే కడిగి బోర్లించి ఉంది.